బడి బయట బడి నడిపిన గాడిచర్ల

ఏటా స్కాలర్‌షిప్పుల దరఖాస్తులు వచ్చినప్పుడు మనం మార్కుల జాబితా, స్టడీ సర్టిఫికెట్ అడుగుతాం. బడిలో పేరున్న పిల్లలే అవి తేగలరు. పేరు కొట్టేసిన పిల్లల మాటేమిటి? మన కల్లూరుకు ఆనుకునే ఉన్న కర్నూలులో పుట్టిన ఒక పాత్రికేయుని జీవితం నుంచి ఈ ప్రశ్నకు జవాబు వెతుకుదాం.

గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు 1883 సెప్టెంబరు 14న పుట్టారు. పేదరికంలో చదువుకుని మద్రాసులో ఎం.ఏ. పూర్తిచేశారు. ఉపాధ్యాయుడు కావాలని రాజమహేంద్రవరం ట్రైనింగు కాలేజీలో చేరారు. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ ఆ ఊళ్లో ఉపన్యాసాలిచ్చారు. ఆ ఉత్సాహంలో విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని తరగతులకు వెళ్లారు. వారికి ముందు నిలిచిన హరిసర్వోత్తమరావు గారిని కాలేజీ నుంచి తీసేశారు. ప్రభుత్వ ఉద్యోగానికీ దారి మూసేశారు. ఉపాధ్యాయ శిక్షణ పొందిన మాలాంటివారికి ఆ దెబ్బ ఎంతటిదో తెలుసు. చేతికి అందబోయిన బతుకుతెరువు పోయింది.

ఆయన కలం పట్టారు. 1908లో బెజవాడ నుంచి 'స్వరాజ్య' వారపత్రిక నడిపారు. తిరునెల్వేలిలో పోలీసు కాల్పులను ఖండిస్తూ అందులో వచ్చిన వ్యాసంపై రాజద్రోహం కేసు పెట్టారు. మొదట ఆరు నెలల శిక్ష పడింది. అది చాలదని ప్రభుత్వం హైకోర్టుకు వెళ్తే మూడేళ్లయింది. ఆ శిక్షను వేలూరు జైలులో అనుభవించారు.

బయటికి వచ్చాక కూడా ఆయన వెనక్కి తగ్గలేదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో 'ఆంధ్రపత్రిక' దినపత్రికకు సంపాదకులయ్యారు. అప్పట్లో 1910 ప్రెస్ చట్టం పత్రికల మెడ మీద కత్తిలా ఉండేది. పత్రికవారి దగ్గర ధరావతు కట్టించుకుని, రాసింది నచ్చకపోతే ప్రభుత్వం దాన్ని జప్తు చేసేది. అలాంటి రోజుల్లోనే ఆయన హోంరూలు ఉద్యమంలోనూ పనిచేశారు. తర్వాత 1920ల చివర్లో మద్రాసు శాసనమండలి సభ్యులయ్యారు.

ఇంత చేసినవారు ఆ పదవితో తృప్తిపడి ఉండవచ్చు. ఆయన మాత్రం జీవితంలో ఎక్కువ కాలం గ్రంథాలయాలకూ వయోజన విద్యకూ ఇచ్చారు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి ఏళ్ల తరబడి అధ్యక్షులుగా ఉండి, 1960 ఫిబ్రవరి 29న కన్నుమూశారు. పత్రికలో ఎంత గొప్పగా రాసినా అక్షరం రానివారికి అది నల్లటి గీతల కాగితమే కదా! ఓటు హక్కు వచ్చినా, దరఖాస్తు చదవలేనివారు ఇంకొకరి మాట మీదే ఆధారపడాలి. పాత్రికేయుడూ శాసనసభ్యుడూ అయిన ఆయన చివరకు అక్షరం దగ్గరికే రావడంలోని అర్థం మాకు ఇదేననిపిస్తుంది.

ఇక మన సంగతికి వద్దాం. పదో తరగతి తప్పి మెకానిక్ షెడ్డులో చేరిన అబ్బాయి, ఇంట్లో కుట్టుమిషను ముందు కూర్చున్న అమ్మాయి, బ్యాంకులో వేలిముద్ర వేసే తల్లి మన వీధుల్లోనే ఉన్నారు. వీరెవరూ మన స్కాలర్‌షిప్పుల జాబితాలోకి రారు. ఓపెన్ స్కూలు ద్వారా పదో తరగతి, ఇంటర్ పరీక్షలు రాసే వీలుందని చాలామందికి తెలియదు. తెలిసినా ఫీజు కట్టేవారు, సాయంత్రం కూర్చోబెట్టి చెప్పేవారు కావాలి.

దాతలకు మా విన్నపం ఒక్కటే. బడిలో ఉన్న పిల్లలకు ఇస్తున్నది తగ్గించవద్దు. దానికి తోడుగా ఓపెన్ స్కూలు ఫీజుకు కొంత, రెండు దినపత్రికలు వచ్చే చిన్న చదువుగదికి కొంత, తల్లుల అక్షరాల తరగతికి కొంత కేటాయించండి. గది చూపించండి, దీపం పెట్టించండి. పాఠం చెప్పడానికి మాలాంటి ఉపాధ్యాయులం సాయంత్రం ఒక గంట వస్తాం. ఒక కాలేజీ తలుపు మూసినా ఆయన చదువు చెప్పడం ఆపలేదు. మన వీధిలో ఏ తలుపు మూసుకుందో చూసి తెరవడం మన చేతిలో పని.