బ్యాంకాక్ సంతకు జట్టుగా వెళ్లేవారికి

బ్యాంకాక్‌లో శని, ఆదివారాల్లో సాగే చటుచక్ సంతలో 15 వేలకు పైగా కొట్లుంటాయి. పాత రాజభవనం ఎదుటి మైదానంలో ఉండే సంతను 1982లో ఇక్కడికి తరలించారు. మేం నలుగురం స్నేహితురాళ్లం పొద్దున్నుంచి చీకటిపడే దాకా తిరిగినా పదో వంతు కూడా చూడలేకపోయాం. నలుగురిలో ముగ్గురం హైదరాబాదు సుల్తాన్ బజార్‌లో బేరాలాడి ఆరితేరినవాళ్లమే. అయినా ఎక్కువ ధర పెట్టి కొన్న ప్రతిసారీ తప్పు మా నోటిదే.

1. బోణీ వేళకు చేరండి. తొమ్మిదింటికే సంత మొదలైనా కొట్లన్నీ తెరిచేసరికి పది దాటుతుంది. బోణీ పట్టింపు థాయ్‌వాళ్లకూ ఉంది. మొదటి గిరాకీ ఇచ్చిన నోటుతో కొట్లోని సరుకునంతా తట్టుకుంటూ పోయే ఆవిడను చూసి, మన కూరగాయల బండి దగ్గర నోటు కళ్లకద్దుకునే ముసలమ్మ గుర్తొచ్చింది నాకు. ఆ వేళ బేరం త్వరగా తెగుతుంది. కొనే ఉద్దేశం లేనప్పుడు మాత్రం సరుకు దింపించకండి. మధ్యాహ్నమైతే రేకుల కింద ఉక్క భరించలేం.

2. భూగర్భ మెట్రోలో కాంఫేంగ్ ఫెట్ స్టేషన్‌లో దిగితే సంత పక్కనే తేలతారు. స్కైట్రైన్‌లో వస్తే మో చిట్‌లో దిగి కాస్త నడవాలి.

3. సంత నడిమధ్య గడియార స్తంభం ఉంది. తప్పిపోతే కలుసుకునే చోటు అదేనని ముందే అనుకోండి. "నేను చెప్పుల కొట్టు దగ్గరున్నా" అంటే అక్కడ అర్థం లేదు.

4. నచ్చిన కొట్టు నంబరును ఫోటో తీసుకోండి. సంతను 27 సెక్షన్లుగా విడగొట్టారు. ఒక్కోదానిలో సోయ్‌లు, అంటే సందులు, ఉంటాయి. అన్నీ ఒకేలా కనిపిస్తాయి. "ఒక చుట్టు తిరిగొచ్చి కొందాంలే" అని వదిలేసిన ఆకుపచ్చ పింగాణీ గిన్నెల కోసం గంటన్నర వెతికాను. దొరకలేదు.

5. బేరం ఒక్కరే ఆడాలి, మిగతావాళ్లు నోరు మెదపకూడదు. మాకు తెలివొచ్చింది ఇక్కడే. కొట్టామె కాలిక్యులేటర్ మీద 350 బాట్లు అని నొక్కి చూపించింది. నేను 250 అని నొక్కాను. ఆమె ఇంకా ఆలోచిస్తుండగానే వెనకనుంచి మావాళ్లలో ఒకామె "అబ్బ, ఎంత బాగుందే! తీసేసుకో!" అంది. తెలుగు రాకపోయినా మొహం చదవడం వ్యాపారికి తెలియదా? 340 దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత పద్ధతి మార్చాం. అస్సలు ఇష్టంలేనట్టు మొహం పెట్టగల మనిషినే పక్కన నిలబెట్టుకునేవాళ్లం. ఆమె వాచీ చూసుకుని "పదండే" అంటే చాలు, పది ఇరవై బాట్లు తగ్గేవి. మనలా సగానికి సగం అడిగితే మాత్రం నవ్వి ఊరుకుంటారు. ఒక్క వస్తువు కొంటే పదిశాతమో, కాస్త ఎక్కువో తగ్గితే గొప్ప. గొంతు పెంచితే అదీ తగ్గదు.

6. కలిసి వెళ్లినందుకు అసలు లాభం టోకు ధరలో ఉంది. చాలా కొట్లలో ఒకే రకం మూడు తీసుకుంటే ధర మారుతుంది. ఏనుగు బొమ్మల ప్యాంట్లు, గుడ్డ సంచులు, సబ్బులు, ముక్కుతో పీల్చే మూలికల సీసాలు ఇలాగే కొనాలి. ముందు ఒక్కదాని ధర తేల్చుకుని, తర్వాత "నాలుగైతే ఎంత?" అనండి.

7. రెండు మాటలు నేర్చుకోండి. "థావ్ రై" అంటే ఎంత. "లోత్ నోయ్ దాయ్ మయ్" అంటే కాస్త తగ్గిస్తారా. చివర ఆడవాళ్లు "ఖా", మగవాళ్లు "ఖ్రప్" కలపాలి. మన "అండి" లాంటిదే.

8. ఉమ్మడి పర్సు పెట్టండి. తలా 500 బాట్లు వేసి, లెక్కల్లో గట్టిదాని చేతికివ్వండి. కొబ్బరి నీళ్లు, టాక్సీ, చిల్లర ఖర్చులు అన్నీ అందులోంచే. ఎవరు ఎవరికి ఎంత బాకీ అన్న చర్చ రాత్రి హోటల్లో తప్పుతుంది. 20, 50, 100 నోట్లు ఎక్కువగా ఉంచుకోండి. వెయ్యి నోటు తీసి చూపించాక "ఇంతే ఉంది" అంటే ఎవరు నమ్ముతారు?

9. చాలా కొట్లలో బట్టలు వేసుకుని చూసే గది ఉండదు. ఒంటికి అతుక్కుని ఉండే లెగ్గింగు, పలచని టీషర్టుతో వెళితే వాటి మీదే తొడిగి చూడొచ్చు. అక్కడి ఎక్స్ఎల్ మనకు బిగుతే కావచ్చు. చీటీని నమ్మకండి.

10. శాకాహారులు జాగ్రత్త. కూరగాయల వేపుడులోనూ చేపల సాస్ పడుతుంది. పసుపు రంగు మీద ఎర్రగా, చూడ్డానికి 17 అంకెలా కనిపించే "జే" అక్షరమున్న చోట చేపా మాంసమే కాదు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. ఏదీ దొరక్కపోతే కొబ్బరి చిప్పలో ఇచ్చే కొబ్బరి ఐస్‌క్రీమ్ ఉంది. మేం రెండుసార్లు తిన్నాం.

11. బుద్ధ విగ్రహాలు కొట్లో అమ్మినా దేశం దాటించాలంటే అక్కడి లలితకళల శాఖ అనుమతి కావాలి. మొక్కల జోలికి పోకండి. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం, దిగుమతి అనుమతి లేకుండా మన విమానాశ్రయం దాటనివ్వరు.

12. పెట్టెను వేలాడదీసి తూచే చిన్న త్రాసు ఒకటి జట్టుకు చాలు. మాలో ఒకామె నల్లరాతి రోలు చూసి మనసు పారేసుకుంది. చేతిసంచీలో రోకలి బండ తీసుకెళ్లనివ్వరని చెబితే, రోలు నా పెట్టెలో, బండ ఇంకొకరి పెట్టెలో సర్దించింది. దిగాక హడావిడిలో ఎవరి దారిన వాళ్లం పోయాం. రోలు గుంటూరులో మా వంటింట్లో ఉంది. బండ విజయవాడలో ఉంది. కొన్నావిడ హైదరాబాదులో మిక్సీ వాడుకుంటోంది.