సైకిలుబండియు గాలియడ్డును

సాయంకాలమున బడి విడిచిన పిదప సముద్రపుగాలి కెదురుగా సైకిలు త్రొక్కి యిల్లు చేరువారికి గాలి యెంత బలమైనదో వేఱుగ జెప్ప నక్కఱలేదు. గాలి కంటికి గానరాదు. అయినను దానికిని బరువు గలదు. ఒక ఘనమీటరు గాలి సుమారు 1.2 కిలోగ్రాములు తూగును. సైకిలు నడుపువాడు ఈ గాలిని త్రోసికొని పోవలయును. అతని యెదుట గాలి యొత్తిడి హెచ్చును. వెనుక సుడులు పుట్టి యొత్తిడి తగ్గును. ఈ రెండింటి భేదమే ముఖ్యముగ వాయునిరోధ మగుచున్నది. దానిని కొలుచు టెట్లు, తగ్గించు టెట్లు అనునదియే యిచట మేము దెలుప దలచిన విషయము.

సూత్రము: గాలి సాంద్రతలో సగమును, నిరోధవైశాల్యమును, వేగముయొక్క వర్గమును గుణించిన నిరోధబలము వచ్చును. నిరోధవైశాల్య మనగా ఎదుటినుండి చూచినపుడు కనబడు వైశాల్యమును, ఆకారమునుబట్టి మాఱు నొక గుణకముచే హెచ్చవేయగా వచ్చినది. నిటారుగ గూర్చున్నవాని కిది 0.4 చదరపు మీటరని యనుకొందము. అతడు సెకండునకు 5 మీటర్లు, అనగా గంటకు 18 కిలోమీటర్లు పోవునపుడు బలము 6 న్యూటనులు. దానిని జయించుటకు వలయు సామర్థ్యము 30 వాట్లు. వేగము రెట్టింపయినచో బలము నాలుగురెట్లయి 24 న్యూటనులును, సామర్థ్య మెనిమిదిరెట్లయి 240 వాట్లును అగును. ఇక సెకండునకు 5 మీటర్లు వీచు గాలి కెదురుగా మొదటి వేగముతోనే పోయినచో 120 వాట్లు వలయును. దూర మదియే, వేగ మదియే. శ్రమ మాత్రము నాలుగురెట్లు. ఇంటికి బోవునపుడు కాళ్లు నొచ్చుటకు గారణ మిదియే.

కొలుచు విధము: శాస్త్రజ్ఞులు వాయుసొరంగమున సైకిలును మనుష్యునితో గూడ నిలిపి, గాలి విసరి, బలమును కొలయంత్రముతో గుర్తింతురు. మనకు అట్టి సొరంగము లేదు. కాని వాలుబాట గలదు. గాలి వీవని వేకువను, బండ్లు రాని సరళమైన పల్లమున, ఉపాధ్యాయుని సమక్షమున, త్రొక్కక సైకిలును జాఱనీయవలయును. వేగము నిలుకడ పొందినపిదప 100 మీటర్లు దాటు కాలమును గుర్తింపవలయును. ఉదాహరణమునకు, నూటికి మూడు మీటర్ల వాలున మనుష్యుడును బండియు గలిసి 75 కిలోగ్రాములైనచో క్రిందికి లాగు బలము సుమారు 22 న్యూటనులు. చక్రముల రాపిడికి 4 పోగా గాలివంతు 18. కాలము 12 సెకండ్లయినచో నిరోధవైశాల్యము 0.43, ఒడలు వంచి కూర్చుండగా 11 సెకండ్లయినచో 0.36. వంగినమాత్రముననే ఆఱవవంతు తగ్గిన దన్నమాట!

తగ్గించు విధము: నిరోధమున హెచ్చుభాగము బండిది కాదు, మనుష్యునిదే. కావున మోచేతులను దగ్గఱ జేర్చి, వెన్ను వంచి, రెపరెపలాడు చొక్కాను బిగించుకొనుట మేలు. తల మాత్రము వంపరాదు, బాట కనబడవలయును.

దీని ఫలమును లోకము 1989 జూలై 23వ తేదీన జూచినది. ఫ్రాన్సు దేశపు సైకిలు మహాపందెమున గడపటి దినమున వెర్సాయినుండి పారిస్ వఱకు 24.5 కిలోమీటర్లు ఒక్కొక్కరుగా పోవలసియుండెను. ఫ్రెంచివాడగు లొరాఁ ఫిన్యోఁ అప్పటికి 50 సెకండ్లు ముందుండెను. అమెరికావాడగు గ్రెగ్ లెమాండ్ మోచేతుల నానించి చేతులు ముందునకు జాచుటకు వీలగు హాండిలును, వెనుక సన్నగిలు శిరస్త్రాణమును ధరించి పోయెను. ఫిన్యోఁ పాతరీతి హాండిలుతో, తలపై నేమియు లేక పోయెను. లెమాండ్ 58 సెకండ్లు తక్కువలో జేరి, మూడువేల కిలోమీటర్లకు మించిన పందెమును 8 సెకండ్ల తేడాతో గెలిచెను. అతని కాళ్ల బలమును మేము తక్కువ చేయము. అయినను ఆ యెనిమిది సెకండ్లలో గాలికిని వంతు గలదని శాస్త్రజ్ఞు లెన్నుచున్నారు.

ఇంకొక యుపాయము గలదు. ముందుపోవువాని చాటున దగ్గఱగా పోవువానికి నిరోధము సుమారు మూడవవంతు తగ్గును. బాటపై తగిన యెడము విడువవలయును గనుక మనకు లాభ మంతకంటె తక్కువ, కాని లేకపోదు. కావున ఎదురుగాలి దినమున బలవంతులగు పెద్దపిల్లలు వంతులవారీగా ముందు నడచి, చిన్నవారిని వెనుక నుంచుకొని పోవుదురు గాక. సూత్రము నేర్చినందుకు అంతకంటె మంచి ప్రయోజన మేమున్నది?