నది సరిహద్దు – రాయబారుల ప్రయాస

పాఠ్యభాగము: న్యాయాధిపతులు 11:12–28



యెఫ్తా పేరు వినగానే మనకు అతని మ్రొక్కుబడియు, అతని కుమార్తెయు జ్ఞాపకమునకు వచ్చును. అంతకుముందు అతడు చేసిన పనిని మనము తొందరగా దాటిపోవుదుము. అమ్మోనీయుల రాజు యుద్ధమునకు రాగా, అతడు కత్తి పట్టక మునుపు దూతలను పంపెను. అర్నోను మొదలు యబ్బోకు వరకు గల నేల ఎవరిదని తగవు. జవాబు చేదుగా వచ్చినను రెండవ మారు పంపి, మూడు వందల ఏండ్ల సంగతులు చెప్పించెను. రాజు వినలేదు. అయినను లేఖనము ఆ రాయబారమునకు పదునేడు వచనములు ఇచ్చి, యుద్ధమును రెండింటితో ముగించినది.

మన కాలమున ఇట్టి తగవు ఒకటి జరిగినది. ఆదికాండములోని హిద్దెకెలు, యూఫ్రటీసు నదులు కలిసి షట్ అల్ అరబ్ అను పేరుతో సముద్రమున పడును. ఇరాకు, ఇరాను దేశములకు అక్కడ అదియే హద్దు. 1937 ఒప్పందము చాలవరకు ఇరాను వైపు ఒడ్డునే హద్దుగా చేసెను. 1975లో అల్జీర్సు నగరమందు కుదిరిన ఒడంబడిక లోతుపాయ మధ్యకు దానిని జరిపెను. 1980 సెప్టెంబరు 17న సద్దాం హుస్సేను ఆ ఒడంబడిక చెల్లదనెను. 22న ఇరాకు సైన్యము హద్దు దాటెను. నది ఒక్కటే కారణమని నేననను. 1979 విప్లవము వలన పుట్టిన భయమును, పొరుగువాడు బలహీనుడైనాడను ఆశయు అందులో కలిసియున్నవి. దానియేలు దర్శనములోని షూషను పట్టణము యుద్ధము నడిచిన ఆ సీమలోనిదే.

సంధి చేయబోయిన వారిలో మన తెలుగువారొకరుండిరి. 1981 ఫిబ్రవరిలో ఢిల్లీలో కూడిన అలీన దేశముల విదేశాంగ మంత్రులు క్యూబా, జాంబియా, భారతదేశము, పాలస్తీనా విమోచన సంస్థలతో ఒక సంఘమును ఏర్పరచిరి. అప్పటి మన విదేశాంగ మంత్రి పి.వి. నరసింహారావు గారు. ఆయన ఇరువది ఏండ్లు మంథని శాసనసభ్యుడు; మంథని ప్రక్కన పారు గోదావరియే మన భద్రాచలము ముందుకు వచ్చును. ఆ సంఘము బాగ్దాదుకును టెహరానుకును పోయి ఇరువురి మాటలు వినెను గాని ఫలము లేకపోయెను. ఐక్యరాజ్య సమితి పక్షమున స్వీడను దేశపు ఓలఫ్ పామె గారును తిరిగి తిరిగి అలసిరి. అల్జీరియా విదేశాంగ మంత్రి బెన్ యాహియా గారు 1982 మే 3న ఇదే పనిమీద పోవుచుండగా విమానము కూల్చబడి మరణించిరి. మధ్యవర్తి పని క్షేమమైన పని కాదు.

వారి మాట ఎందుకు సాగలేదు? దీనికి ముందు నా సంగతి ఒకటి చెప్పవలెను. మా అడవి అంచు ఊరిలో వాగు దారి మార్చిన ఏట ఇద్దరు రైతులు గట్టు విషయమై మాటలు మానిరి. నేను పోయి కలిసియుండుడని చెప్పి ప్రార్థించితిని. ఇరు ఇండ్లలోను చాయ ఇచ్చిరి. గట్టు మాత్రము కదలలేదు. ఊరి కోయ పెద్ద ఒకరు నాతో, “అయ్యగారూ, ముందు రాయి జరిపిందెవరో అడగండి” అనిరి. నేను సిగ్గుపడితిని. అది అడిగినచో ఒకరికి కోపము వచ్చునని నేను భయపడియుంటిని.

భద్రతా సమితియు అట్లే చేసెను. 1980 సెప్టెంబరు 28 నాటి దాని తీర్మానము బలప్రయోగము మానుడనెను గాని, దాటిన సైన్యము వెనుకకు పోవలెనని అనలేదు. పరుల సైన్యము తన నేలమీద నిలిచియుండగా ఇరాను ఆ మాటను ఎట్లు నమ్మును? అయితే తప్పు ఒక ప్రక్కనే నిలువలేదు. 1982 మేలో ఇరాను ఖొర్రంషహరును తిరిగి పట్టుకొనెను. ఇరాకు వెనుకకు పోవుటకు సిద్ధపడెను. ఆగవలసిన దినము అదియేనని నా అభిప్రాయము. జూలైలో ఇరాను సైన్యము హద్దు దాటి ఇరాకులో ప్రవేశించెను. అటుపిమ్మట ఆరేండ్లు విషవాయువులును, పట్టణములమీద పడిన క్షిపణులును.

1987 జూలై 20న వచ్చిన 598వ తీర్మానము కాల్పులు ఆపి అంగీకృత హద్దులకు మరలుడని చెప్పుటయే గాక, యుద్ధమునకు బాధ్యులెవరో నిష్పక్షపాతముగా విచారించు మార్గమునకును చోటిచ్చెను. ఇరాను ఒక సంవత్సరము తటపటాయించి, బలము ఉడిగిన పిమ్మట 1988 జూలైలో ఒప్పుకొనెను. ఖొమైనీ గారు దానిని విషము త్రాగుటతో పోల్చిరి. ఆగస్టు 20న తుపాకులు ఆగెను. కావలి చూచిన సమితి పరిశీలకులలో మన సైనికాధికారులును ఉండిరి. నరసింహారావు గారు అప్పటికి మరల విదేశాంగ మంత్రిగా నుండిరి. 1991 డిసెంబరులో సమితి ప్రధాన కార్యదర్శి, 1980 సెప్టెంబరు 22 నాటి దాడికి న్యాయమైన కారణము లేదని వ్రాసిరి.

1990 ఆగస్టులో, కువైటును ఆక్రమించిన సద్దాం, ఇరానుతో పోరు తీర్చుకొనవలసి వచ్చి, తాను కాదన్న 1975 నాటి గీతనే మరల ఒప్పుకొనెను. హద్దు మరల నది మధ్యకే వచ్చెను. యుద్ధఖైదీల మార్పిడి మాత్రము 2003 వరకు సాగెను. కొందరు ఇరువది ఏండ్ల పిమ్మట ఇల్లు చేరిరి.