పాత కారు బ్రేకులు – వాని మరమ్మతు

విద్యార్థులారా! మూసియున్న ద్రవమునందు ఒకచోట కలిగించిన పీడనము అన్ని దిక్కులకును సమానముగా వ్యాపించునని మీరు భౌతికశాస్త్రములో చదివియుందురు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్ (1623–1662) చెప్పిన యీ సూత్రము పరీక్షకు మాత్రమే కాదని నాకు తెలిసినది మన బెళ్ళందూరులోనే.

మా తండ్రిగారు విడిచిపోయిన అంబాసిడరు కారు మా యింట కలదు. కలకత్తా చేరువ ఉత్తరపారాలో తయారగుచుండిన ఆ కార్ల నిర్మాణము 2014లో నిలిచిపోయినది. ఒకనాడు రింగురోడ్డు వంతెన దిగుచు బ్రేకు త్రొక్కగా, పెడలు మెత్తగా నేలదాక పోయినది; కారు ఆగలేదు. వెనుక సీటులో పిల్లలుండిరి. గేరు తగ్గించి, హ్యాండుబ్రేకు కొంచెము కొంచెముగా లాగుచు, ఎట్లో ప్రక్కకు తెచ్చి నిలిపితిని. హ్యాండుబ్రేకు ఉక్కుతీగ ద్వారా వెనుక చక్రములను పట్టును. దానికి నూనెతో పనిలేదు గనుక బ్రతికితిమి.

కాలిబ్రేకు సంగతి వేరు. పెడలు త్రొక్కగానే మాస్టరు సిలిండరులోని పిస్టను నూనెను నెట్టును. ఆ పీడనము సన్నని గొట్టముల గుండ చక్రములయొద్ద నున్న చిన్న సిలిండర్లకు చేరి, బ్రేకు షూలను డ్రమ్ము లోపలి గోడకు ఒత్తును. లెక్క చూడుడు: కాలు 20 కిలోల బరువుతో త్రొక్కెననుకొందము. పెడలు మీటవలె దానిని 5 రెట్లు చేసిన 100 కిలోలగును. మాస్టరు పిస్టను వైశాల్యము 4 చదరపు సెంటీమీటర్లయినచో పీడనము చదరపు సెంటీమీటరుకు 25 కిలోలు. చక్రమువద్ద పిస్టను 5 చదరపు సెంటీమీటర్లయినచో, అక్కడి త్రోపు 125 కిలోలు! పాత కార్లలో నాలుగు చక్రములకును ఒకే నూనెమార్గము. ఒకచోట కారినచో అన్నియు పోవును.

మా కారును విప్పిచూడగా మాస్టరు సిలిండరులోని రబ్బరు కప్పులు ఉబ్బి, అంచులు చిరిగియుండెను. అంతకు నెలముందు దారిలో ఒక దుకాణమున బ్రేకు నూనె తగ్గినదని చెప్పి ఇంజను నూనె పోసిరట. ఖనిజతైలము ఆ రబ్బరును ఉబ్బించి చెరచును. బ్రేకు నూనె గ్లైకాల్ జాతిది. అదియును గాలిలోని తేమను పీల్చుకొనును గాన రెండేండ్లకొకమారు మార్చుట మేలు.

జె.సి. రోడ్డులో రబ్బరు కిట్టు, కొత్త లైనింగు దొరకినవి. మెకానిక్కు కన్నడమును తెలుగును కలిపి మాటలాడుచు పని చేసెను. ఆంధ్రదేశమున చదువుకొన్ననాడు నేను ‘గతినిరోధకము’ అని వ్రాసి మార్కులు తెచ్చుకొంటిని. ఆయన ‘బ్రేకు షూ’ అనగా పని జరిగినది!

జాకీని మాత్రమే నమ్మి కారు క్రింద దూరరాదు. స్టాండులు పెట్టి, చక్రములకు దిమ్మెలు అడ్డము వేయవలెను. పాత లైనింగులలో ఆస్‌బెస్టాసు ఉండును. దాని దుమ్మును నోటితో ఊదరాదు, గాలిపంపుతో కొట్టరాదు, తడిగుడ్డతో తుడువవలెను. ఒకవైపు లైనింగు అరిగినను రెండు వైపులను మార్చవలెను, లేనిచో కారు ఒకప్రక్కకు లాగును. నూనె తగిలిన లైనింగు పట్టు పోవును.

కడపట గాలి తీయుట. ద్రవము నొక్కుడుపడదు, గాలి నొక్కుడుపడును. గొట్టములో బుడగ యున్న పెడలు మెత్తబడును. కుడిప్రక్క డ్రైవరు కూర్చుండు మన కార్లలో సాధారణముగా ఎడమ వెనుక చక్రముతో మొదలుపెట్టుదురు. ఒకరు పెడలు త్రొక్కి పట్టియుండగా మరొకరు మరను వదలి, బుడగలతో నూనె వచ్చినపిదప బిగింతురు. ఆ తరువాతనే కాలు తీయవలెను. ఆ పనిలో నేను పెడలు త్రొక్కితిని, మా పెద్దవాడు సీసా పట్టెను. నడుమ నూనెపాత్ర ఎండిపోవుటచే మొదటినుండి మరల చేయవలసివచ్చినది.

ఉబ్బిన ఆ కప్పును, కొత్తదానిని ప్రక్కప్రక్కన మా తరగతి బల్లపై ఉంచితిని. పాత బండ్లు గల తలిదండ్రులును వచ్చి చూడవచ్చును.