పాత కారు డ్యాష్‌బోర్డు: సందేహాలు - సమాధానాలు

నా దగ్గర 1966 ఫోర్డ్ మస్టాంగ్ ఉంది. బయల్దేరిన పావుగంటకే పెట్రోలు ముల్లు, ఇంజను వేడి చూపే ముల్లు రెండూ కలిసి చివరికంటా లేస్తున్నాయి. ఇంజను పోతుందేమోనని కారు తీయడమే మానేశాను.
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సాస్

కంగారు పడకండి. నడిచేకొద్దీ ట్యాంకులో పెట్రోలు పెరగదు కదా! రెండు ముళ్ళూ ఒకేసారి లేచాయంటే అనుమానించాల్సింది ఇంజనును కాదు, వాటికి కరెంటు పంపే వోల్టేజ్ లిమిటర్‌ను. అందులోని రేకు వేడికి వంగి విడిపోతూ, చల్లారి కలుస్తూ 12 వోల్టులను సగటున 5కు దించుతుంది. అది అతుక్కుపోయినా, ఎర్త్ వదులైనా ఇలా అవుతుంది. మీటర్లు కాలకముందే దాన్ని మార్పించండి. వేడి ముల్లు ఒక్కటే లేచినా, ఆవిరి కనిపించినా మాత్రం వెంటనే కారు ఆపేయండి.

మాది 1968 డాడ్జ్ డార్ట్. సిగ్నల్ వేస్తే ఆమీటర్ ముల్లు వణుకుతోంది. మొన్న డ్యాష్‌బోర్డు వెనక కాలిన వాసన కూడా వచ్చింది.
– ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

వాసన పసిగట్టి రాయడం మంచిదైంది. వణుకుతో బెంగ లేదు. సిగ్నల్ లైటు వెలిగి ఆరినప్పుడల్లా ముల్లు కదలడం మామూలే. వాసన మాత్రం మామూలు కాదు. ఆ కాలపు డాడ్జ్, ప్లిమత్ కార్లలో బ్యాటరీ ఛార్జింగ్ కరెంటు డ్యాష్‌బోర్డులోని ఆమీటర్ గుండానే పోతుంది, బిగుతు తగ్గిన చోట వేడి పుడుతుంది. ఈరోజే బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీయండి. ఆమీటర్ నట్లు, కనెక్టర్లు మెకానిక్ చూసేదాకా కారు తీయకండి.

నా 1986 కార్వెట్ డిజిటల్ డ్యాష్‌బోర్డులో అంకెలు మసకబారాయి. చలి పొద్దుల్లో మొత్తం ఆరిపోయి, కాసేపటికి వస్తోంది. ఇక పనికిరాదా?
– ఒక పాఠకురాలు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

ఆశ వదులుకోకండి. ఆ ఎల్‌సీడీ అంకెలకు సొంత వెలుగు ఉండదు, వెనకున్న బల్బులే దిక్కు. మసకకు ముందు వాటినే చూడాలి. ఆరి మళ్ళీ వెలగడానికి తరచూ కారణం బోర్డు మీద బీటవారిన టంకం, మళ్ళీ టంకం వేస్తే చాలాసార్లు కుదురుకుంటుంది. తెర ఆరినప్పుడు ఫ్రీవే ఎక్కకండి. వేగమే కాదు, ఇంజను వేడీ తెలియదు.

నాన్నగారు కొన్న 1978 ఇంపాలాలో మైళ్ళ మీటరు ఆగిపోయింది. వేరే మీటరు పెడితే పాత అంకె రాదట. అది నేరమా?
– ఒక పాఠకురాలు, ట్రాయ్, మిషిగన్

నేరం కాదమ్మా, నిశ్చింతగా ఉండండి. అమెరికా చట్టం తప్పంటున్నది మోసాన్ని, మరమ్మతును కాదు. పాత అంకె ఉంచడం కుదరకపోతే మీటరును సున్నాకు తెచ్చి, అప్పటిదాకా నడిచిన మైళ్ళు, మార్చిన తేదీ రాసి ఎడమ తలుపు ఫ్రేముకు అంటించాలి. మోసపుచ్చడానికి ఆ కాగితం పీకేస్తేనే చిక్కు. నాన్నగారు నడిపిన మైళ్ళు ఎక్కడికీ పోవు, మీరు తలుపు తీసినప్పుడల్లా కనిపిస్తాయి.