నీరు నిలిస్తే ఊరు నిలుస్తుంది

తూర్పు కనుమలకూ బంగాళాఖాతానికీ నడుమ ఒదిగిన సీమ శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతం. ప్రాచీన కాలంలో ఇది కళింగదేశంలో అంతర్భాగం. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం జిల్లాలుగా ఏర్పడ్డాయి. 2022లో ఈ రెండు జిల్లాలలోని కొన్ని ప్రాంతాలను కలిపి పార్వతీపురం మన్యం జిల్లాను ఏర్పరచారు. నాగావళి, వంశధార, చంపావతి, బాహుదా, మహేంద్రతనయ వంటి నదులు ఈ నేలను తడుపుతూ కడలిని చేరుతున్నాయి. వంశధార ఒడ్డున శ్రీముఖలింగ క్షేత్రం వెలసింది. ఆ నదీతీరంలోనే బౌద్ధుల శాలిహుండం ఉన్నది. 'శాలి' అనగా వరి. నీరూ పంటా ఈ సీమ చరిత్రతో ఎంతగా పెనవేసుకొన్నాయో ఆ పేరే చెబుతున్నది.

ఇక్కడ ఏటా సగటున వేయి మిల్లీమీటర్లకు మించి వర్షం కురుస్తుంది. అనంతపురం వంటి జిల్లాలతో పోలిస్తే ఇది దాదాపు రెట్టింపు. అయినప్పటికీ ఇక్కడి పల్లెల నుంచి వేలాది కుటుంబాలు పొట్ట చేతబట్టుకొని హైదరాబాదు, చెన్నై వంటి నగరాలకు తరలిపోతున్నాయి. వాన కురిసే చోట వలస ఎందుకు? ఈ ప్రాంత గ్రామీణ జీవనాన్ని అర్థం చేసుకోవాలంటే ముందుగా ఈ ప్రశ్నకు సమాధానం వెతకాలి.

మొదటి కారణం భౌగోళికమైనది. కొండలకూ సముద్రానికీ మధ్య దూరం తక్కువ. వంశధార, నాగావళి నదుల పొడవు ఒక్కొక్కటి సుమారు 250 కిలోమీటర్లు మాత్రమే. అందులో సగానికి పైగా ఒడిశాలోనే ఉన్నది. ఎగువన భారీ వర్షం పడితే దిగువన వరద ముంచుకొస్తుంది. కొద్ది రోజులలోనే ఆ నీరు సముద్రం పాలవుతుంది. వంశధారపై గొట్టా, నాగావళిపై తోటపల్లి బ్యారేజీలు ఆ నీటిలో కొంత భాగాన్ని పొలాలకు మళ్లిస్తున్నాయి. వంశధార జలాల పంపిణీపై రెండు రాష్ట్రాల మధ్య తలెత్తిన వివాదం పరిష్కారానికి 2010లో ట్రిబ్యునల్ ఏర్పడింది.

రెండవ కారణం మానవుని అలక్ష్యం. పెద్ద ఆనకట్టలు రాకముందే ఇక్కడి పూర్వులు ఊరూరా చెరువులు తవ్వుకొన్నారు. కొండవాలున పారే గెడ్డల నీటిని చెరువుకు మళ్లించి, గట్టు కట్టి, మదుముల ద్వారా పొలాలకు వదిలేవారు. చెరువు నిండితే దాని కింది పొలం పండేది, చుట్టుపక్కల బావులలో ఊట పెరిగేది. కాలక్రమంలో చెరువులు పూడికతో మెరకపడ్డాయి. గర్భాలు ఆక్రమణలకు గురయ్యాయి. గెడ్డల దారులు మూసుకుపోయాయి. కురిసిన నీటిని నిలుపుకొనే పాత్ర చిల్లుపడితే ఎంత వర్షం పడినా ఫలమేమి?

నీటి పరిమాణమే కాక, దాని స్వచ్ఛత కూడా ఇక్కడ ప్రాణాంతకమైన సమస్యగా పరిణమించింది. ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు వరకు విస్తరించిన ఉద్దానం కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలకు ప్రసిద్ధి. 'ఉద్యానం' అనే మాటే ఉద్దానం అయిందని పెద్దలు చెబుతారు. ఈ పచ్చని సీమలో ఎందరో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధికి గురయ్యారు. మధుమేహం, అధిక రక్తపోటు వంటి సాధారణ కారణాలు లేనివారికి కూడా ఈ వ్యాధి సోకడం పరిశోధకులను ఆలోచింపజేసింది. తాగునీటిలోని పదార్థాలు, పురుగుమందులు, ఎండలో చేసే కష్టం, వంశపారంపర్యం మొదలైన అంశాలను వారు పరిశీలించారు. ఏకైక కారణం ఇదమిత్థంగా తేలలేదు. అయినా శుద్ధజలం అందించడం ఆలస్యం చేయరాదన్న భావన బలపడింది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానం గ్రామాలకు నీటిని చేర్చే పథకమూ అప్పుడే మొదలైంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఈ తోటలు నేలకొరిగాయి. వరి పోతే మరుసటి ఏడాది వేసుకోవచ్చు. కొబ్బరి మొక్క నాటితే కాపు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. ఒక్క రాత్రి గాలి రైతును అన్నేళ్లు వెనక్కి నెట్టింది.

తీరప్రాంత మత్స్యకారుల స్థితి కూడా ఇటువంటిదే. పెద్ద పడవలు నిలిపే రేవులు లేక, వేలాది మంది గుజరాత్ తీరానికి వేటకు వెళుతుంటారు. అలా వెళ్లి 2018లో పాకిస్తాన్ అధికారులకు చిక్కినవారిలో 20 మంది 2020 జనవరిలో విడుదలయ్యారు. అంతకాలం ఇంటివద్ద తల్లులూ భార్యాబిడ్డలూ పడిన వేదన వర్ణనాతీతం.

అభివృద్ధికీ పర్యావరణానికీ మధ్య ఘర్షణ కూడా ఈ నేలపైనే జరిగింది. సోంపేట సమీపంలోని చిత్తడి నేలలను స్థానికులు 'బీల' అంటారు. వరదనీటిని తనలో ఇముడ్చుకొని, వేసవిలో పొలాలకూ పశువులకూ చేపలవేటకూ ఆధారమయ్యేది ఈ బీల. అక్కడ థర్మల్ విద్యుత్కేంద్రం నిర్మించ సంకల్పించగా రైతులు, మత్స్యకారులు ప్రతిఘటించారు. 2010 జూలై 14న పోలీసు కాల్పులలో ప్రాణనష్టం సంభవించింది. ఆ నెలలోనే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. విద్యుత్తు అవసరం కాదనలేనిది. కానీ కాగితంపై బంజరుగా కనిపించే భూమి కొన్ని వేలమందికి అన్నపాత్ర కావచ్చునన్న సత్యాన్ని బీల వెల్లడించింది.

సహజీవనానికి చక్కని ఉదాహరణ టెక్కలి సమీపంలోని తేలినీలాపురం. ఏటా శరదృతువులో పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు ఈ ఊరికి వచ్చి చెట్లపై గూళ్లు కట్టి, పిల్లలను పొదిగి, వేసవి నాటికి వెళ్లిపోతాయి. గ్రామస్థులు వాటిని పుట్టింటికి వచ్చిన ఆడపడుచులవలె ఆదరిస్తారు. అవి రావడం మంచి పంటకు శకునమని విశ్వసిస్తారు. చుట్టూ చెరువులూ చిత్తడి నేలలూ ఉన్నంతకాలమే పక్షులకు ఆహారం దొరుకుతుంది. పక్షులను కాపాడడమంటే వాటి నీటిని కాపాడడమే.

ఈ సీమకు అవకాశాలు కొరవడలేదు. పలాస జీడిపప్పు, ఉద్దానం కొబ్బరి, పొందూరు ఖద్దరు దేశమంతటా పేరు పొందాయి. పంటను ముడిసరుకుగా అమ్మక, ఊరిలోనే శుద్ధిచేసి అమ్మగలిగితే స్థానికులకు పని దొరుకుతుంది. పొలంలో నీరు, కడవలో శుద్ధజలం, చేతికి పని ఈ మూడూ సమకూరిన నాడు వలస అనివార్యం కాదు.

ఇందులో విద్యావంతులైన యువతకు బాధ్యత ఉన్నది. తమ ఊరి చెరువు హద్దులెక్కడివో, గెడ్డ ఎక్కడ మూసుకుపోయిందో, బావిలో నీటిమట్టం ఏ నెలలో ఎంత తగ్గుతున్నదో వ్రాసిపెట్టి గ్రామసభ ముందుంచవచ్చు. ఆక్రమణలపై చర్చ ఆధారాలతో మొదలైతేనే ఫలిస్తుంది. పూర్వులు చెరువు తవ్వి తరువాతి తరాలకు అప్పగించారు. దాని గట్టును నిలబెట్టడం నేటి తరం తీర్చవలసిన ఋణం.