గరుడుడు మనకు శత్రువా?

 

మొన్న ఆదివారం పాఠంలో ఒక పాప లేచి, "అన్నా, మనది నాగ జాతి అంటారు గదా, మరి పాముల్ని తినే గరుడుడు మనకు శత్రువేనా?" అని అడిగింది. అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేశాక రాస్తున్న మాటలివి.

పాప ప్రశ్న ఊరికే పుట్టలేదు. దీక్షకు నాగపూర్‌నే ఎందుకు ఎంచుకున్నారో 1956 అక్టోబరు 15న బాబాసాహెబ్ చెప్పారు. ఈ దేశంలో బౌద్ధాన్ని వ్యాపింపజేసింది నాగులని అన్నారు. ఆయన చెప్పిన నాగులు మనుషులు, పాములు కారు. మన అమరావతి శిల్పాల్లో స్తూపాన్ని కాపాడుతూ పడగలెత్తిన నాగుల్ని చూసినవాళ్ళకు ఈ మాట ఇంకా దగ్గరగా తగులుతుంది.

ఇక పేరు సంగతి. 'గరుడ' మాటకు ఒక్కటే అర్థం లేదు. 'గరుత్' అంటే రెక్క, రెక్కలున్నవాడు గరుత్మంతుడు. ఋగ్వేదం మొదటి మండలం 164వ సూక్తంలో కనిపించేవి ఈ 'గరుత్మాన్', 'సుపర్ణ' మాటలే. అక్కడది ఆకాశంలో దివ్యపక్షి. ఆ సూక్తంలో విష్ణువును మొయ్యదు, పాముల్ని తినదు. కొందరు 'మింగు' అనే అర్థమున్న ధాతువు నుంచి ఈ పేరు తీస్తారు. మహాభారతం ఆదిపర్వం మూడో దారి పట్టింది: గురువైన, అంటే బరువైన కొమ్మను మోసుకుని ఎగిరాడు కాబట్టి గరుడుడట! నాకైతే ఇది కథ కోసం అతికించిన అర్థంలా తోస్తుంది. అదే కథలో తల్లి వినత దాస్యం తీర్చడానికి అమృతం కోసం వెళ్ళిన కొడుకున్నాడు. దాస్యం ఏంటో తెలిసిన మనం ఆ కొడుకుని ద్వేషించలేం. కానీ తిరిగొచ్చేసరికి అతను విష్ణువు వాహనం, నాగులు అతని ఆహారం. అమరకోశంలో నాగాంతకుడు, పన్నగాశనుడు అనే పేర్లు కూడా ఉన్నాయి. దాన్ని కూర్చిన అమరసింహుడు బౌద్ధుడని చాలామంది పండితుల అభిప్రాయం. నిఘంటువు రాసేవాడు లోకంలో ఉన్న పేర్లన్నీ రాయాలి గదా.

పాళీలో ఇతను గరుళ, సుపణ్ణ. సుపణ్ణ అంటే మంచి రెక్కలవాడు. సంయుత్త నికాయంలో నాగ సంయుత్తం పక్కనే సుపణ్ణ సంయుత్తం ఉంది. గుడ్డు నుంచి, గర్భం నుంచి, చెమ్మ నుంచి, తమంతట తాము – పుట్టుకలు ఇద్దరికీ అవే నాలుగు. సుపణ్ణలు నాగుల్ని ఎత్తుకుపోతారని అందులోనూ ఉంది, దాచిపెట్టలేదు.

అయితే ఉరగ జాతకం చూడండి. వారణాసి ఉత్సవంలో జనం మధ్య ఒక నాగుడు, పక్కనున్నది ఎవరో తెలియక సుపణ్ణుడి భుజం మీద చెయ్యి వేస్తాడు. ఎవరో తెలిసేసరికి భయపడి నది వెంట పరుగు. స్నానానికి దిగిన తాపసి ఒడ్డున వదిలిన నారబట్టలో మణిగా మారి దాక్కుంటాడు. వెంటపడి వచ్చిన సుపణ్ణుడు ఎంత ఆకలితో ఉన్నా, తాపసి మీద గౌరవంతో ఆ బట్టను ముట్టుకోడు. ఆ తాపసి బోధిసత్వుడు. ఇద్దర్నీ ఆశ్రమానికి తీసుకెళ్ళి స్నేహితుల్ని చేస్తాడు.

తర్వాతి ఆదివారం ఇదంతా చెప్తే పాప మళ్ళీ లేచింది. "మరి సుపణ్ణుడి ఆకలి ఎట్ల తీరిందన్నా?" తనకు దివ్యాహారం దొరకాలని తాపసి దీవించాడని చెప్పాను. దీవిస్తే కడుపు నిండుద్దా అన్నట్టు నన్ను చూసి కూర్చుంది.